కోనదొడ్డి దారిలో ఎర్ర బాణాలు

ఆ శనివారం పొద్దున విష్ణువర్ధన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక ఎర్ర రంగు డబ్బా, ఒక బ్రష్షు, బాణం ఆకారంలో కత్తిరించిన అట్టముక్క సంచిలో వేసుకోవాలి. సైకిలును కారు వెనక కట్టుకుని సూళగిరి దాటి, హైవే దిగి, కోనదొడ్డి మట్టి దారికి పోవాలి. మలుపుకొక రాయి చూసి దాని మీద బాణం వేసుకుంటూ వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి హోసూరు వచ్చేయాలి. అంతే. ఇంత చిన్న పనికి అంత పెద్ద శిక్ష రాసిపెట్టి ఉందని తెలిస్తే, పాపం, ఆ మనిషి మంచం దిగేవాడే కాదు.

"బ్రష్షు పట్టుకుని బయల్దేరారు, ఎవరింటికి సున్నం వేయడానికి?" అంది తేజస్విని, కాఫీ అందిస్తూ.

"దారికి మార్కింగ్ వేసి వస్తాను. రేపు యతీశ్ సార్ వాళ్ళు వస్తున్నారు కదా."

"ఆ దారి సంగతి ఎవరికీ చెప్పనన్నారు. నాకు కూడా సగమే చెప్పారు. మళ్ళీ మీరే పిలిచారా?"

"పిలవలేదు. నోరు జారింది."

భర్త నోరు జారడం తేజస్వినికి కొత్త కాదు. కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

విష్ణువర్ధన్‌ది నరసరావుపేట. హోసూరులో బండ్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. అందులో చేరిన నాటి నుంచి అతనికొక అలవాటు పట్టుకుంది. కంటికి కనిపించిన ప్రతిదానికీ గీత గీసి నంబరు వేయనిదే తోచదు. ఫ్యాక్టరీలో మనుషులు నడిచే దారికి పసుపు గీత, ట్రాలీ నిలిపే చోటికి తెల్ల గీత, పనికిరాని సరుకు పెట్టే చోటికి ఎర్ర గీత. ఇంట్లో గ్యాసు సిలిండరు చుట్టూ కూడా పసుపు గీత గీశాడు. సిలిండరు ఇంతవరకూ ఆ గీత దాటలేదని చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకుంటాడు.

గీతలు లేని చోటు అతనికి ప్రపంచంలో ఒక్కటే ఉండేది. అదే కోనదొడ్డి దారి. వారమంతా మిషన్ల రొద, హైవే మీద లారీలు, బస్టాండు దగ్గర షేర్ ఆటోల తోపులాట భరించి, ఆదివారం పొద్దున లావు టైర్ల సైకిలు వేసుకుని అక్కడికి పోయేవాడు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, ఎక్కుతూ దిగుతూ పోయే దారి. ఒక పక్క కొండ, దాని మీద పాలెగాళ్ళ నాటి కోట గోడ సగం కూలి సగం నిలిచి ఉంటుంది. ఇంకో పక్క ద్రాక్ష పందిళ్ళు. ఎదురొస్తే ఒక మేకల మంద, లేకపోతే నెత్తి మీద గడ్డిమోపు పెట్టుకున్న ఆడమనిషి. టైరు కింద గులకరాయి నలిగే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినపడేది కాదు. ఆ చప్పుడు వింటూ ఉంటే అతనికి వారం రోజుల బరువు దిగిపోయేది. ఆ దారే లేకపోతే తాను ఈ ఉద్యోగం ఎప్పుడో మానేసి ఊరికి పోయేవాడినని అతను మనసులో ఒప్పుకున్నాడు కూడా.

దారి చివర రామప్ప అనే రైతు తోటలోంచి పోవాలి. అది నిజానికి దారి కాదు, తోట గట్టు. మొదటిసారి పోయినప్పుడు రామప్ప ముళ్ళకంప పక్కకు లాగి, "పో అప్పా, పో. నీ ఒక్కడి సైకిలుకు గట్టు అరిగిపోతుందా" అన్నాడు. ఆ తర్వాత వారం వారం ఆగి, పందిరి కింద కూర్చుని, ఆయన భార్య చిక్కమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నాలుగు మాటలు చెప్పుకుని పోవడం అలవాటైంది. రామప్ప తాత ఎవరో దొర దగ్గర తోటపని చేసి, ఆయన పెరట్లోని తీగముక్క తెచ్చి ఇక్కడ నాటాడట. ఆ నల్ల ద్రాక్ష ఇప్పుడు బెంగళూరు పక్కనున్న ఒక వైన్ ఫ్యాక్టరీకి పోతుంది. రామప్ప మాత్రం జన్మలో వైన్ ముట్టలేదు. "బంగారం లాంటి కాయను కుళ్ళబెట్టుకుని తాగేదేందప్పా" అనేవాడు.

ఇంత భద్రంగా దాచుకున్న దారిని విష్ణువర్ధన్ క్యాంటీన్లో సాంబారన్నం తింటూ పారేసుకున్నాడు.

ఆ రోజు మేనేజరు యతీశ్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. యతీశ్‌ది కోలారు, ఇంట్లో తెలుగే. బెంగళూరులో ఉంటాడు, అక్కడ ఒక సైకిలు సంఘానికి పెద్ద. విదేశం పోయి వచ్చిన ఫోటోలు ఫోన్లో చూపించడం మొదలుపెట్టాడు.

"ఇది చూడు విష్ణు. కొండలు, పాత కోటలు, మధ్యలో ద్రాక్ష తోటలు. నడి తోటలో కంకర దారి. పొద్దున్నించి సాయంత్రం దాకా తొక్కితే ఒక్క కారు ఎదురు రాలేదు. ఇట్లాంటిది మన దేశంలో యాడ ఉంది చెప్పు."

ఇక్కడ తలూపి అప్పడం కొరుక్కుని ఉంటే సరిపోయేది. కానీ ఆ ఫోటోలోని కొండ కన్నా తన కొండ బాగుంటుందని విష్ణువర్ధన్‌కు అనిపించింది. అనిపించినా ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"ఉంది సార్. సూళగిరి అవతలే ఉంది."

యతీశ్ చేతిలో చెంచా ఆగిపోయింది. "అచ్చం ఇట్లాగేనా?"

"దీనికన్నా బాగుంటుంది. అసలు ట్రాఫిక్కే ఉండదు."

"ఎన్నాళ్ళ నించి పోతా ఉండావు?"

"ఏడాది నుంచి."

"ఏడాది నించి ఒక్కడివే పోతా ఉండావా? భలే మనిషివయ్యా. ఈ ఆదివారం మా వాళ్ళందరినీ తీసుకొస్తా. ముప్పై మందికి తక్కువ ఉండరు. కొండల మధ్య సిగ్నల్ ఉండదు కదా, నువ్వు దారికి మార్కింగ్ వేసి పెట్టు. మన ఫ్యాక్టరీ షాప్ ఫ్లోర్ గీతల మాదిరి ఉండాల. కండ్లు మూసుకుని తొక్కినా తప్పిపోకూడదు."

మేనేజరు చెప్పిన పనికి కాదనే అలవాటు విష్ణువర్ధన్‌కు లేదు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ, చేతిలోది ఎవరో లాక్కున్నట్టు దిగులుపడ్డాడు. లాక్కున్నది ఎవరూ కాదు, తానే చేతిలో పెట్టి ఇచ్చాడన్నది ఇంకా ఎక్కువ బాధ.

శనివారం పని మాత్రం శ్రద్ధగా చేశాడు. ఎవరైనా బండి వాళ్ళు గుద్దుతారేమోనని ఫ్యాక్టరీలో ఇచ్చిన నారింజ రంగు జాకెట్టు వేసుకున్నాడు, నెత్తిన హెల్మెట్టు పెట్టుకున్నాడు. మలుపు మలుపుకీ రాయిని గుడ్డతో తుడిచి, అట్ట ఆనించి, ఎర్ర బాణం వేసి, కింద వరుసగా నంబరు వేశాడు. నంబరు లేని గుర్తు గుర్తే కాదని ఫ్యాక్టరీలో అతనే కొత్తవాళ్ళకు పాఠం చెబుతాడు. దూరం కొలవడానికి మధ్య మధ్యలో ఆగి సైకిలు మీటరు చూసుకున్నాడు. దూరాన చేలో పనిచేసేవాళ్ళు నడుములెత్తి అతని వంకే చూశారు. చెయ్యి ఊపాడు. వాళ్ళు ఊపలేదు. ఎండ కదా, కళ్ళు మిరుమిట్లు గొలిపి ఉంటాయని అనుకున్నాడు.

రామప్ప తోట దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వెనకాడాయి. ఒక్కడికని కంప తీసిన మనిషి తోటలోకి ముప్పై మందిని తోలుకొస్తానని ఏ మొహంతో చెప్పాలి? అదృష్టమో దురదృష్టమో, రామప్ప లేడు. ద్రాక్ష కోతకు క్రేట్లు మాట్లాడ్డానికి కృష్ణగిరి పోయాడు. కాయ నలుపు తిరగడానికి ఇంకా పక్షం రోజులు ఉంది. చిక్కమ్మ ఒక్కతే కళ్ళం దగ్గర ఉంది. గట్టు మొదట్లోని రాయికి ఎర్రరంగు పూస్తుంటే వచ్చి నిలబడింది.

"యాందప్పా ఈ నంబరు?"

"ఏం లేదమ్మా. రేపు కొంతమంది వస్తున్నారు, చూసిపోవడానికి."

"ఎవురు?"

"మా కంపెనీ వాళ్ళు. బెంగళూరు నుంచి. పెద్దవాళ్ళే."

"మా తోటలోకా?"

"తోటలో నుంచేనమ్మా." అక్కడితో ఆగలేదు. మొహమాటం మనిషి కదా, తేనె పూద్దామనుకున్నాడు. "మీకేమీ ఇబ్బంది రాదు. వాళ్ళు అన్నీ చూసుకుంటారు. రామప్ప గారికి నేను రేపు నిదానంగా చెప్తాను."

"యాడ దాకా అప్పా?"

"ఇక్కణ్ణించి కోట కింద దాకా, మొత్తం."

చిక్కమ్మ చేతిలో ఉన్న చేట కింద పెట్టింది. ప్రతి వారం మజ్జిగ ఇచ్చే మనిషి ఆ రోజు ఇవ్వలేదు. ఆ సంగతి విష్ణువర్ధన్‌కు కారులో సగం దూరం వచ్చాక తట్టింది. దాహంగా ఉంది కూడా.

ఆ చుట్టుపక్కల రాయి మీద ఎర్ర నంబరు పడిందంటే దానికి ఒకటే అర్థం. సూళగిరి పక్క ఫ్యాక్టరీల ఎస్టేటు వచ్చినప్పుడు, హైవే వెడల్పు చేసినప్పుడు, ముందు ఇట్లాగే జాకెట్లు వేసుకున్నవాళ్ళు వచ్చి రాళ్ళకు నంబర్లు వేసి పోయారు. ఆ తర్వాత భూమి పోయింది. ఆ అనుభవంతో జనం ఇంకొకటి కూడా నేర్చుకున్నారు. పోయే భూమికిచ్చే పరిహారంలో ఖాళీ నేలకు ఒక లెక్క, చెట్టుకు వేరే లెక్క, షెడ్డుకు వేరే లెక్క, బోరుకు వేరే లెక్క. కాబట్టి నంబరు పడిన తర్వాత, పెద్దవాళ్ళు వచ్చి చూసేలోపల, చేయాల్సిన పనులు చాలా ఉంటాయి. ఇవేవీ నరసరావుపేట మనిషికి తెలియవు. ఫ్యాక్టరీ, ఇల్లు, ఆదివారం సైకిలు తప్ప ఆ జిల్లాలో అతను ఇంకేం చూశాడు గనక.

ఆదివారం పొద్దున ముప్పై ఒక్క సైకిళ్ళు హైవే దిగాయి. ముందు యతీశ్, పక్కనే విష్ణువర్ధన్. అందరివీ నల్ల కళ్ళద్దాలు, ఒంటికి అతుక్కున్న రంగురంగుల బనీన్లు. మొదటి బాణం దగ్గర యతీశ్ మెచ్చుకున్నాడు. రెండో బాణం దగ్గర అందరూ బ్రేకులు వేశారు.

దారికి అడ్డంగా మామిడి మొక్కలున్నాయి. పక్కన కాదు, నడిమధ్యన, వరుసగా, అప్పుడే నీళ్ళు పోసినట్టు పాదులు తడిగా ఉన్నాయి. కృష్ణగిరి నర్సరీ అట్ట ఇంకా కొమ్మకు వేలాడుతూనే ఉంది. నిన్న సాయంత్రం టెంపోల్లో దింపిన మొక్కలవి.

"దారి మధ్యలో చెట్లు పెడతారా ఈడ?" అన్నాడు యతీశ్.

"పోయిన వారం లేవు సార్."

మొక్కలు తొక్కకుండా సైకిళ్ళు భుజాన వేసుకుని దాటారు. ఎక్కి కాస్త దూరం తొక్కారో లేదో, మలుపులో రేకుల షెడ్డు. నాలుగు కర్రలు పాతి పైన రేకులు పరిచారు, ఒక ముసలాయన లోపల మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. షెడ్డు వెనక బోరు బండి, దాని వెనక జేసీబీ, దాని వెనక ఇంకా మొక్కలు దింపుతున్న టెంపోలు. ఎదురుగా ట్రాక్టరు, ఇటుకలతో. ట్రాక్టరు వెనక్కి పోలేదు, బోరు బండి ముందుకు రాలేదు. హోసూరు బస్టాండులో సాయంత్రం పూట కూడా విష్ణువర్ధన్ ఇన్ని బండ్లు ఒకచోట చూడలేదు.

"ట్రాఫిక్కే ఉండదంటివే విష్ణు," అన్నాడు యతీశ్ నెమ్మదిగా.

విష్ణువర్ధన్ సైకిలు దిగాడు. సైకిలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ముప్పై మందీ వేసుకున్నారు. గట్టు ఎక్కి, చేలోకి దిగి, మళ్ళీ గట్టు ఎక్కి నడిచారు. అలా పోతూ పోతూ ఏడో నంబరు రాయి దగ్గరికి చేరితే, ఆ రాయికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి, పైన ఎర్ర గుడ్డ కట్టి ఉంది. గుడి ఉన్న నేల జోలికి ఎవరూ రారని ఎవరికో తోచింది. ఎర్ర బాణం మాత్రం పసుపులోంచి కనపడుతూనే ఉంది. నిన్న తాను గుడ్డతో తుడిచిన రాయికి నేడు కర్పూరం వెలిగించి ఒక ఆయన హారతి ఇస్తుంటే విష్ణువర్ధన్ కళ్ళు నులుముకుని చూశాడు.

"చెప్పులు విడిచి రండి సార్," అన్నాడు హారతి ఆయన.

సైకిలు బూట్లు విప్పడం అంత సులువు కాదు. ముప్పై ఒక్క మంది ఎర్రమట్టిలో కూర్చుని బూట్లు విప్పి, దణ్ణం పెట్టి, ప్రసాదం తిని, మళ్ళీ బూట్లు కట్టుకున్నారు. "చాలా పాత గుడి మాదిరి ఉంది," అన్నాడు యతీశ్ భక్తిగా. విష్ణువర్ధన్ అవునన్నాడు.

కోనదొడ్డి మొదట్లో ఊరు ఊరంతా దారి మీదే ఉంది. ఒక పక్క షామియానా వేసి, పూలదండలతో కొందరు నిలబడ్డారు. వాళ్ళు భూమి ఇస్తామనేవాళ్ళు. రెండో పక్క దారికి అడ్డంగా కొందరు బైఠాయించారు. వాళ్ళు ఇవ్వమనేవాళ్ళు. మధ్యలో వార్డు మెంబరు కుమారేశన్ మైకు పట్టుకుని రెండు పక్కలకూ నాయకత్వం వహిస్తున్నాడు. అందరికన్నా పొడుగ్గా, అందరికన్నా ఖరీదైన కళ్ళద్దాలతో వస్తున్న యతీశ్‌ను చూడగానే పెద్ద ఆఫీసరెవరో అతనికి తెలిసిపోయింది. చేయి పట్టుకుని తీసుకెళ్ళి, దండ వేసి, మైకు చేతికిచ్చాడు.

సైకిలు సంఘానికి ఏ ఊళ్ళోనూ దొరకని మర్యాద ఇది. యతీశ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ జాగా మాకు చాలా నచ్చింది," అన్నాడు మైకులో. "ఇంత మంచి జాగా ఇన్నాళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. ఇది మొదలు మాత్రమే. వచ్చే ఏడాదికి ఈడికి అయిదొందల మందిని తెస్తాము."

షామియానాలో చప్పట్లు మోగాయి. అయిదొందల మంది పనిచేసే ఫ్యాక్టరీ అంటే మాటలా? బైఠాయించినవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ గోలలో షామియానా పక్క నుంచి ఒకాయన గొంతెత్తి అడిగాడు. "సార్, మామిడి చెట్టుకు ఎంత ఇస్తారు?"

"చెట్టుకా?" అన్నాడు యతీశ్. "చెట్లు మాకెందుకప్పా? ముందు ఆ చెట్లన్నీ పీకి పక్కన పారేయండి. దారికి అడ్డం."

చప్పట్లు ఆగిపోయాయి. మొక్కలు తెచ్చినవాళ్ళు షామియానా వదిలి అవతలి పక్కకు పోయి కూర్చున్నారు. కుమారేశన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

విష్ణువర్ధన్‌కు అప్పటికి కానీ సంగతి పూర్తిగా తలకెక్కలేదు. ఎక్కగానే మైకు దగ్గరికి పోవాల్సిన మనిషి, సైకిలు అక్కడే పడేసి రామప్ప తోటకు పరుగెత్తాడు.

రామప్ప పందిరి కింద క్రేట్ల మధ్య కూర్చుని ఉన్నాడు. క్రేట్ల నిండా ద్రాక్ష. నల్లగా లేదు. సగం ఆకుపచ్చ, సగం లేత ఎరుపు. పందిరి బోసిగా ఉంది. చిక్కమ్మ పక్కకు తిరిగి చివరి క్రేటు సర్దుతోంది, ఇతన్ని చూసి కూడా తల ఎత్తలేదు.

"పండకుండానే కోసేశారేం?" అన్నాడు విష్ణువర్ధన్.

"నాది అనేంత సేపే కోసుకోవాల కదప్పా," అన్నాడు రామప్ప. "మా తాత పెట్టిన చెట్టు. రేపు ఎవురిదో."

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే కదప్పా చెప్పింది. కంపెనీ వాళ్ళు వస్తారు, కోట దాకా మొత్తం అని." రామప్ప కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. "ఒగటే మాట అడుగుతా విష్ణప్పా. ఏడాది పొద్దు వారం వారం వచ్చింది దీనికేనా? మా భూమి కొలిచేకేనా?"

విష్ణువర్ధన్ అక్కడే మట్టిలో కూలబడ్డాడు. చెప్పాడు. యతీశ్ ఫోటోల సంగతి, సాంబారన్నం సంగతి, ముప్పై సైకిళ్ళ సంగతి, అట్టముక్క సంగతి అన్నీ చెప్పాడు. ఆ బాణాలు సైకిళ్ళకు మలుపులు చూపించడానికే తప్ప ఇంకెందుకూ కాదని, ముప్పై మందిని తోటలోకి తెస్తానని చెప్పడానికి సిగ్గుపడి నిన్న నీళ్ళు నమిలానని చెప్పాడు.

రామప్ప క్రేట్లోని ఒక గుత్తిని తీసి అటూ ఇటూ తిప్పాడు.

"సైకిళ్ళకా?" అన్నాడు చివరికి.

"అవునండీ."

"ముందే చెప్పుంటే సరిపోయుండు కదప్పా. ముప్పై మందికీ సంగటి చేయించుందును."

ఆ ఒక్క మాటకు విష్ణువర్ధన్ ఏడ్చేశాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. చిక్కమ్మ లేచి వెళ్ళి మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. అదీ తాగలేకపోయాడు.

ఆ తర్వాత మైకు పట్టుకుని ఊరందరి ముందూ అదే కథ మళ్ళీ చెప్పాడు. భూమి ఎవరూ తీసుకోరు, ఇది ఉత్త సైకిలు షికారు అని తేలగానే జనం సంతోషిస్తారని అతను అనుకున్నాడు. అదీ తప్పే. మొక్కలు నాటినవాళ్ళు మొక్కలెవరు వెనక్కి తీసుకుంటారని మీదికొచ్చారు. షెడ్డు ముసలాయన మంచం దిగనన్నాడు. అన్నిటికన్నా విడ్డూరం, ప్రాణం పోయినా భూమి ఇవ్వమని బైఠాయించినవాళ్ళకు అవమానం తగిలింది. "ఏం, మా భూమికేం తక్కువైందని వద్దంటారు?" అని వాళ్ళలో ఒకాయన నిలదీశాడు.

అందరికన్నా ఇరుకున పడింది కుమారేశన్. జిల్లాలో తెలిసిన ప్రతివాడికీ ఫోను చేసి, విలేకరుల్ని పిలిపించి, మైకు, షామియానా తెప్పించి, ఇప్పుడు ఏమీ లేదని పంపిస్తే వచ్చే ఎన్నికల్లో ఎవడు ఓటేస్తాడు? జనం వంక చూశాడు. సైకిళ్ళు భుజాన వేసుకుని, మట్టి కొట్టుకుపోయి నిలబడ్డ ముప్పై మంది వంక చూశాడు. మైకు విష్ణువర్ధన్ చేతిలోంచి లాక్కున్నాడు.

"చూడండి అయ్యా," అన్నాడు విలేకరుల వైపు తిరిగి. "బెంగళూరు నించి పెద్ద పెద్ద వాళ్ళు మా ఊరు చూసేకి వచ్చినారు. దారి లేక బండ్లు భుజాన మోసుకుంటా వచ్చినారు. ఇదీ మా కోనదొడ్డి రోడ్డు గతి. తార్ రోడ్డు వేసే దాకా ఈడ నించి ఎవురూ లేచేది లేదు."

ఇస్తామన్నవాళ్ళూ, ఇవ్వమన్నవాళ్ళూ, మొక్కలవాళ్ళూ అందరూ ఒక్కసారిగా దారి మీద కూర్చున్నారు. ఆ ఊళ్ళో అంత ఐకమత్యం ఎవరూ ఎప్పుడూ చూడలేదట. ముప్పై సైకిళ్ళు భుజాల మీదున్న ఫోటో మర్నాడు పేపర్లన్నిటిలోనూ వచ్చింది. మధ్యలో విష్ణువర్ధన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రోడ్డు కోసం కన్నీరు పెట్టిన ఉద్యోగి అని కింద రాశారు.

పండని ద్రాక్షను వైన్ ఫ్యాక్టరీ తీసుకోలేదు. కోయించిన పాపానికి కారులో పట్టినన్ని క్రేట్లు విష్ణువర్ధన్ ఇంటికి తెచ్చుకున్నాడు. తేజస్విని పచ్చడి పెట్టింది, పులిహోర కలిపింది, పప్పులో వేసింది. అపార్టుమెంటులో ఇంటింటికీ పంచితే జనం లిఫ్టులో అతన్ని చూసి మెట్ల వైపు తిరగడం మొదలుపెట్టారు. క్యాంటీన్లో యతీశ్ వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎంత తిన్నా, ఎంత పంచినా, రామప్ప ఆ ఏటి పంట తిరిగి రాదని విష్ణువర్ధన్‌కు తెలుసు. మొహం చెల్లక కోనదొడ్డి వైపు పోలేదు. ఆదివారాలు సైకిలుకు గాలి కొట్టి, మళ్ళీ గాలి తీసి, ఇంట్లోనే కూర్చునేవాడు.

వానలు వెనకబట్టాక రామప్పే ఫోను చేశాడు. "ఏమప్పా, మమ్మల్ని మరిచిపోతివే. ఒగసారి వచ్చిపో. చూపించాల్సింది ఉంది."

సైకిలు వేసుకుని పోయాడు. హైవే దిగిన చోట నల్లటి తారు మొదలైంది. గులకరాళ్ళు లేవు, ఎర్రమట్టి లేదు. దారి అద్దంలా నున్నగా, కొండను చుట్టుకుని తిన్నగా రామప్ప తోటలోకి పోయింది. హైవే మీద వంతెన పని జరుగుతోందని డ్రైవర్లు ఇటు తిరిగారు. లారీలు, కార్లు, కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి. విష్ణువర్ధన్ తారు అంచున బిక్కుబిక్కుమంటూ తొక్కుకుంటూ చేరాడు. తోట గట్టు ఉన్న చోట రోడ్డుంది. రెండు వరుసల పందిళ్ళు లేవు.

"రోడ్డు కోసం తీసేశారా?" అన్నాడు. "బలవంతం చేశారా మిమ్మల్ని?"

"ఎవురు చేస్తారప్పా. నేనే ఇచ్చినా," అన్నాడు రామప్ప. మొహం వెలిగిపోతోంది. "వాళ్ళు అవతల పక్క తిప్పి వేస్తామనిరి. నేనే వద్దంటి. తోటలోనించే పోనీయండి అంటి."

"మీ తాత పెట్టిన చెట్లు కదా."

"ఆ పొద్దు నిన్ను అనుమానపడితిని కదప్పా. మనసులో ముల్లు మాదిరి ఉండె. ఏడాది పొద్దు ఆ రాళ్ళ మీద ఎగిరెగిరి పడతా వచ్చినావు మా కోసరం. నడుము ఏమైపోతా ఉందో అని నేనూ చిక్కమ్మా ఎన్ని సార్లు అనుకుంటిమో. ఇంక నీకు ఆ బాధ లేదు. జర్రుమని వచ్చేయొచ్చు."

చిక్కమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి నిలబడింది. ఇద్దరూ అతని మొహం వంకే చూస్తున్నారు. ఆ రాళ్ళ కోసమే నేను వచ్చేవాణ్ణని చెప్పడానికి విష్ణువర్ధన్ నోరు తెరిచాడు. ఎక్కడ జారకూడదో అక్కడల్లా జారిన నోరు, ఈసారి ఎంత ప్రయత్నించినా కదల్లేదు.

"చాలా బాగుంది రామప్ప గారూ," అన్నాడు. "నడుముకు ఎంత హాయిగా ఉందో."

రామప్ప తృప్తిగా నవ్వాడు. "ఇంకా ఆ సైకిలెందుకప్పా మరి? వచ్చే వారం ఇంటామెను తోడ్కొని కార్లో రా. సంగటి చేయిస్తా."

మాట తీసేయడానికి మనసొప్పలేదు. తర్వాతి ఆదివారం విష్ణువర్ధన్, తేజస్విని కారులో వెళ్ళారు. సైకిలు మీద పోయినప్పటి కన్నా చాలా ఎక్కువ సేపు పట్టింది, ట్రాఫిక్కు అలా ఉంది మరి.